ఒట్టు వేసిన గది

ఆదివారం, కోయిలకుంట్ల

"మీ తమ్ముణ్ణి రేపే కర్నూలు ఆసుపత్రిలో చేర్పిస్తాలే" అని బావ నాగిరెడ్డి నాకు మాటిచ్చి ముప్పై ఏళ్లు దాటింది. తీసుకుపోయింది మంత్రాలయానికి. తుంగభద్రలో ముంచి, ఇక సారా ముట్టనని ఒట్టు వేయించి, ఇంటికి తెచ్చి గదిలో పెట్టి గడియ వేశాడు. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని నేను చదివాను, చెప్పాను కూడా. తమ్ముడు ఫిట్స్ వచ్చి ఆ గదిలోనే పోయాడు.

వాడి కొడుకు సుధాకర్‌కూ అదే తాగుడు జబ్బు. బావ మళ్లీ ఒట్టు మాట ఎత్తాడు. "శానా పుస్తకాలు సదివినావు గానీ, దేవునికంటే డాక్టరు గొప్పోడాప్పా?" అన్నాడు. నేను వాదించకుండా సుధాకర్‌ను కర్నూలు ఆసుపత్రిలో చేర్పించాను. వణుకు రాకుండా మందులిచ్చి, వాటినీ కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు.

ఈరోజు సుధాకర్ ఇంటికి వచ్చాడు. మా ఇంట్లో సంగటి తిని చెయ్యి చాపాడు. "సూడు పెదనాయనా, వణుకుతాండాదా?"

వణకలేదు. మళ్లీ తాగడని డాక్టరు కూడా హామీ ఇవ్వలేదు. అయినా ఈ పూటకు నాకు కడుపు నిండింది.

"దేవుడే కాపాడినాడు" అన్నాడు బావ, గడపలో నిలబడి. సంతోషంలో నేనూ తలూపాను. కొడుకును దేవుడే కాపాడాడనుకుందాం. తండ్రి గదికి గడియ వేసింది మాత్రం బావే, నాగిరెడ్డే.