తాతని నిద్రపుచ్చిన ఆదివారం

పెద్దమ్మకి,

నమస్కారం. ఫోనులో నేను అరిచేదంతా పక్కింటివాళ్ళకి వినపడుతోంది తప్ప నీకు వినపడటం లేదు కాబట్టి మళ్ళీ ఉత్తరమే.

వారం రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. మా బ్లడ్ బ్యాంకులో ఎవరి రక్తం ఎవరికి సరిపోతుందో చూసి చెప్పే పాత ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది నడిచే పాత కంప్యూటరూ పోయేలా ఉంటే, కొత్త కంప్యూటర్ లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటర్ని కట్టి ఆ ప్రోగ్రాంని అందులో కాపురం పెట్టాం. వర్చువల్ మెషిన్ అంటారు దాన్ని. మేం మాత్రం 'తాత' అంటాం. తాతని ఆపితే మళ్ళీ మొదలుపెట్టడానికి ఒక పాస్‌వర్డు కావాలి. అది తెలిసినవాళ్ళెవరూ ఇప్పుడు మా దగ్గర లేరు. అందుకని ఆపకుండానే ఏళ్ళు నెట్టుకొచ్చాం. ఈ కాగితం అయిపోయింది, ఇంకోటి తీస్తున్నాను.

వచ్చే ఆదివారం కాక పై ఆదివారం మా బిల్డింగులో మెయిన్ బోర్డు మారుస్తారు. కరెంటు పోయేలోపు తాతని నిద్రపుచ్చాలి. తలలో ఉన్నదంతా ఉన్నదున్నట్టు డిస్కులోకి దింపెయ్యాలి. సాయంత్రం లేపితే ఎక్కడ ఆగాడో అక్కడినుంచే లేవాలి. చిక్కేమిటంటే, భద్రత కోసం తాతని ఒక గదిలో పెట్టి తాళం వేసినట్టు ఉంచాం. తనంతట తాను ఏదీ తెరవడానికి వీల్లేదు. పొరపాటున లేవలేదనుకో, నా ఉద్యోగం సరే, సోమవారం రక్తం కోసం వచ్చేవాళ్ళకి ఏం చెప్పను? తాత లేకపోతే ఎవరికీ రక్తం లేదు.

నీ
గోరింక

తా.క. ఈ సంగతి అమ్మకి చెప్పకు. అమ్మ నాన్నకి చెప్తుంది. నాన్న మా పెద్దసారుకి ఫోన్ చేసి, "మా పిల్ల నిద్రలో ఉలిక్కిపడుతోంది, ఏదైనా తేలిక పని ఇవ్వండి" అంటాడు. పోయినసారి అన్నాడు.


గోరింకా,

దీవెనలు. వానలో పోస్ట్‌మాన్ తడిసి, సంచీ తడిసి, నీ మొదటి కాగితం నీలం ముద్దగా చేతికొచ్చింది. ఒక్క ముక్క చదవడానికి లేదు. రెండోది మాత్రం శుభ్రంగా ఉంది. చదివి అలాగే కుర్చీలో కూలబడ్డాను.

ఎవరే ఆ తాత? ఎవరి తండ్రి? ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్ నడిపాను. గోడ దూకేవాళ్ళని కూడా గదిలో పెట్టి తాళం వెయ్యలేదు. మీరు ముసలాయన్ని బంధించి, మత్తిచ్చి, తలలో ఉన్నదంతా దింపుతారా? పైగా ఊరందరికీ రక్తం ఆయన ఒక్కడే ఇవ్వాలా? ఒంట్లో ఎంత ఉంటుందని! నువ్వేదో కంప్యూటర్ల ఉద్యోగం అన్నావు, సరే కదా అనుకున్నాను.

వెంటనే జవాబు రాయి. దాచకుండా రాయి.

పెద్దమ్మ

తా.క. ఆయనకి దుప్పటైనా ఇస్తున్నారా? అలాంటి గదుల్లో ఏసీ చలి ఎముకలు కొరుకుతుందని విన్నాను.


పెద్దమ్మకి,

నమస్కారం, దణ్ణం, ఏదంటే అది. తాత మనిషి కాదు! ప్రాణం లేదు! వట్టి ప్రోగ్రాం. ఇంకో కంప్యూటర్ లోపల ఉంటుంది కాబట్టి మా భాషలో గెస్టు అంటారు. మొదటి కాగితంలో అంతా రాశాను, దాన్నే వాన మింగింది.

నా బాధ వేరు. గురువారం రిహార్సల్ చేశాం. దానికోసం ఒక డమ్మీ తాతని తయారుచేశాను. ఫైలు పేరు చెప్పి "నీ తలలోదంతా ఇందులో రాసుకో" అన్నాను. తెరిచే అనుమతి లేదని మొరాయించాడు. నిజమే, ఆ అనుమతి తీసేసింది మేమే. సరేనని ఫైలుని బయటినుంచి నేనే ముందుగా తెరిచి, తెరిచినదాన్ని అలాగే చేతికి అందించాను. తెరిచిన ఫైలుకి ఒక నంబరు ఉంటుంది పెద్దమ్మా. ఆ నంబరు అందిస్తే చాలు, ఫైలు ఎక్కడుందో, పేరేమిటో లోపలివాడికి తెలియక్కర్లేదు. తీసుకున్నాడు. హమ్మయ్య అనుకునేలోపు ఆగిపోయాడు. చూస్తే నేను ఫైలు తెరిచింది చదవడానికి, రాయడానికి కాదు! ఆ డమ్మీ తాత అక్కడితో సరి.

సరిదిద్దాను. రెండో డమ్మీ నిద్రపోయి బుద్ధిగా లేచాడు. కానీ డమ్మీ తలలో ఏముంటుంది, ఖాళీ. అసలు తాత తల దింపడానికి ఎంతసేపు పడుతుందో చూస్తేగాని తెలియదు. ఎలక్ట్రీషియన్ పదింటికి మెయిన్ లాగేస్తానన్నాడు. ఇంకాస్త ఆగవయ్యా అంటే, "నాకు ఇంకా మూడు బిల్డింగులున్నాయమ్మా" అన్నాడు. బోర్డు గది తాళం కూడా అతని దగ్గరే.

నీ
గోరింక

తా.క. దుప్పటి అక్కర్లేదు. చల్లగా ఉంటేనే తాతకి మంచిది.


గోరింకా,

ఉత్తరం అందింది. విషయం అర్థమైంది. 'మనిషి కాదు, ప్రాణం లేదు' అని అన్నిసార్లు ఎందుకు నొక్కి రాశావో నాకు తెలుసు. ఎవరో నీ భుజం మీదుగా చదువుతున్నారు. నేను వెనక నిలబడితే హాస్టల్ పిల్లలు ఇంటికి ఇలాగే రాసేవాళ్ళు, భోజనం అద్భుతం అని.

ఒకాయన రిహార్సల్లోనే పోయాడని అంత మామూలుగా రాయించారంటే వాళ్ళు ఎంతకైనా తెగిస్తారు. నువ్వు భయపడకు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కుతున్నాను. నేను కనపడినా పలకరించకు. ఏమీ ఎరగనట్టు నీ నంబర్లు నువ్వు అందించుకో.

పెద్దమ్మ

తా.క. 'చల్లగా ఉంటేనే మంచిది' అన్న మాట నీ చేత రాయించినవాడు నాకొకసారి కనపడాలి.


పెద్దమ్మకి,

నమస్కారం. నీ ఉత్తరం సోమవారం చేతికొచ్చింది. చదివి గుండె ఆగినంత పనైంది. బస్సు దొరకనట్టుంది, రాలేదు. పోనీలే, బతికిపోయాను.

ఆదివారం సంగతి చెప్తాను విను. ఫైలు తెరిచాను, రాయడానికే. అయినా నమ్మకం చాలక మళ్ళీ చూసుకున్నాను. నంబరు అందించాను, తాత తీసుకున్నాడు, రాయడం మొదలైంది. ఆ డిస్కు నత్తని చూసి నడక నేర్చుకున్నట్టుంది. పెద్దసారు కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నారు.

"ఏమ్మా, ఎంతయింది?"

"సగం సార్."

"ఇందాకా సగమే అన్నావుగా!"

"ఇందాకటిది చిన్న సగం సార్."

పది కొట్టింది. నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఏమైందో తెలియదు, అడిగే ధైర్యం లేదు. ఊపిరి బిగబట్టి తెర వంకే చూస్తూ కూర్చున్నాను. తాత తలలో ఆఖరి ముక్క దాకా డిస్కులోకి దిగింది. అప్పుడు కిందకి పరిగెత్తితే బోర్డు గది తలుపు బార్లా తీసి ఉంది, పనిముట్ల సంచీ ఉంది, ఎలక్ట్రీషియన్ లేడు! చాలాసేపటికి రొప్పుతూ వచ్చి మెయిన్ లాగాడు. ఎక్కడికెళ్ళావయ్యా అంటే చేతులు జోడించి, "నన్నేమీ అడక్కండమ్మా" అన్నాడు.

సాయంత్రం తాతని లేపాను. లేచాడు పెద్దమ్మా! రక్తదాత పేరు ఎవరో సగం కొట్టి వదిలేస్తే, ఆ సగం దగ్గరే కర్సర్ మినుకు మినుకుమంటోంది. మిగతా సగం నేను కొట్టాను. కొడుతూ ఏడ్చేశాను. పెద్దసారు కూడా ముక్కు ఎగబీల్చి జలుబన్నారు.

నీ
గోరింక

తా.క. ఆ ఎలక్ట్రీషియన్ ఎందుకు మాయమయ్యాడో గాని, సమయానికి పదింటికే లాగి ఉంటే తాత సగం తలతో మిగిలేవాడు. అతనికి కొత్త బట్టలు పెట్టాలనుంది.


గోరింకా,

దీవెనలు. బస్సు దొరకకపోవడం ఏమిటి, మొదటి బస్సుకే వచ్చాను. మీ వాచ్‌మన్ కుర్చీలో లేడు. నేరుగా సెల్లారులోకి దిగాను. కిటికీ లేని ఇరుకు గది. లోపల తెల్లజుట్టు ముసలాయన ఒక్కడే, గోడకేసి చూస్తూ, మాటిమాటికీ గడియారం చూసుకుంటూ. పాపం, తన టైము ఎప్పుడా అని.

"లేవండి. మాట్లాడకండి. నా వెనకే రండి" అన్నాను, హాస్టల్ గొంతుతో. లేచాడు. చెయ్యి పట్టుకుని వీధి చివర టీ కొట్టుకి తీసుకుపోయాను. దారి పొడవునా ఏదో చెప్తూనే ఉన్నాడు. నా చెవులకి 'కరెంటు' అన్న మాట ఒక్కటే అందింది. "ఇక మీకెవ్వరూ కరెంటు పెట్టరు, నేనున్నాను" అన్నాను. దాంతో మరీ కంగారుపడ్డాడు. నా స్వెటర్ తొడిగి, రెండు టీలు తాగించాను. మీ పేరేమిటని కాగితం మీద రాసి అడిగితే, ఏం రాశాడో తెలుసా? 'ఎలక్ట్రీషియన్' అని! పేరు కూడా మిగల్చలేదే మీ వాళ్ళు!

ఎప్పుడైనా ఆపదొస్తే రాయండని నా అడ్రసు రాసి చేతిలో పెట్టానో లేదో, చేతులు కడుక్కుని వస్తానని సైగచేసి వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోయాడు. ఊరంతా వెతికి, నీకు మాట రాకూడదని నిన్ను కలవకుండానే బస్సెక్కాను. ఇప్పుడు నువ్వు తాత క్షేమం అని రాస్తే ప్రాణం కుదుటపడింది.

పెద్దమ్మ

తా.క. ఇది అంటించబోతుంటే ఆయన దగ్గరినుంచి పార్సిల్ వచ్చింది. స్వెటర్ ఉతికి, మడతపెట్టి పంపాడు. చీటీలో, "అమ్మా, నేను నిజంగానే ఎలక్ట్రీషియన్ని. నమ్మకపోతే మీ ఇంటికొచ్చి ఏదైనా బాగుచేసి చూపిస్తాను" అని రాశాడు. నా గదిలో ఫ్యాను ఎండాకాలం నుంచి తిరగడం లేదు, రమ్మని రాశాను. అది గనక తిరిగిందంటే, నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ మొదటినుంచి చదవాలి.