మీ అన్నయ్య కొన్న చవక ఫోన్

మా ఆడపడుచుకు,

మీ అన్నయ్య కొన్న చవక ఫోన్ ఎలా ఉంది, నేనూ అదే కొననా అని అడిగావు. వారం రోజులు చూశాను. కెమెరా సంగతి చెప్పకూడదు. ఎంత వెలుతురులో తీసినా మొహానికి మసి పూసుకున్నట్టే వస్తున్నాను. కాసేపు మాట్లాడితే ఇస్త్రీపెట్టెలా వేడెక్కుతుంది. ఛార్జింగ్ మాత్రం రెండు రోజులు నిలుస్తుంది.

అయినా దాన్ని నేను కళ్ళకద్దుకుంటున్నాను. నీకు చెప్పొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్న మాట ఒకటుంది. కార్ఖానాలో రేకులు కొట్టి కొట్టి ఆయనకు రెండేళ్ళుగా చెవులు వినిపించడం లేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నా చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయింది కోపంతో కాదమ్మా, నామోషీతో.

ఈ ఫోన్ ఎదుటివాళ్ళ మాటల్నీ, ఫోన్‌లో అవతలివాళ్ళ మాటల్నీ తెర మీద రాసి చూపిస్తుంది. మొదటిరోజు వంటింట్లోంచి "పాలు విరిగిపోయాయండీ" అని కేకేశాను. అది "కాళ్ళు విరిగిపోయాయండీ" అని రాసింది. ఆయన పరుగెత్తుకొచ్చి, నిక్షేపంలా నిలబడి ఉన్న నన్ను చూసి, "నీ కాళ్ళు బాగానే ఉన్నాయి కదే!" అంటూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! తర్వాత నీ నంబరు తీసి చాలాసేపు చూస్తూ కూర్చున్నారు కానీ, నొక్కలేదు.

ఆదివారం నువ్వే చెయ్యి. నిదానంగా మాట్లాడు, గబగబా అంటే దానికి అర్థం కాదు. ఏం మాట్లాడాలో తోచకపోతే "అన్నయ్యా" అను, చాలు. ఆ మాట తప్పు లేకుండా రాస్తుంది. నేను పదిసార్లు అని చూశాను.

మీ వదిన