లిస్బన్‌లో నాలుగో అంతస్తు గది

మావా,

నీ సంవత్సరీకం అయిపోయింది. ఏడాది తిరిగేదాకా పరాయి ఇంట నిద్ర చేయకూడదని ఎక్కడికీ కదల్లేదు. ఇప్పుడు మన సత్యవతి నన్ను పోర్చుగల్ తీసుకెళ్తానంటోంది. నాకు ఓపిక లేదన్నా వినడం లేదు.

నిన్న ఫోన్‌లో గదులు చూపించింది. మొదటిది ఎవరిదో ఇల్లు. ఒట్టి చేతుల్తో ఎలా వెళ్తాం, అరిసెలు వండుతానన్నాను.

"ఇంటోళ్ళు ఉండరే అమ్మా. తాళం గుమ్మం కాడ డబ్బాలో ఉంటాది."

"మరి రేత్రి నాకేటైనా అయితే ఎవుర్ని పిలుత్తావు?"

"నీకేటీ అవదు. కోట సూత్తావా, చర్చి సూత్తావా, అది సెప్పు."

తర్వాత లిస్బన్ హార్బరు పక్కన ఒక గది వచ్చింది. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. కిటికీలోంచి మన పోర్టులో నువ్వు నడిపినటువంటి క్రేన్లు కనిపిస్తున్నాయి.

"ఇది తీసుకో," అన్నాను.

"మోకాళ్ళు నొప్పులని మల్లీ నన్నే తిడతావు."

"కూకుని కూకుని ఎక్కుతాను."

కోటలూ చర్చిలూ అది చూసొస్తుంది. నేను కిటికీ దగ్గర కూర్చుని, క్రేనులో మనిషి సరుకు దించడం చూస్తాను. ముప్పై ఏళ్ళు నీకు క్యారేజీ తెచ్చాను మావా. మన పోర్టువాళ్ళు నన్నెప్పుడూ గేటు దాటనివ్వలేదు. నువ్వు పని చేస్తుండగా ఒక్కసారీ చూడలేదు.