తమ్ముడి ఎత్తుకు

చాపాడు,
14-9-1959

నాయనకు,

కూతురు నమస్కరించి రాసేది. ఈ ఉత్తరం అక్కడ నీకు చదివి వినిపించే తోటి ఖైదీ అన్నను ఒక్క మాట కూడా వదలకుండా చదవమని వేడుకుంటున్నాను.

నువ్వు జైలుకు పోయాక, నీ బదులు మన ఇంటి మగమనిషి కట్టె పట్టుకొని తన వెంట నడవాలని, ఇన్నాళ్లూ నువ్వు కాపుగా తిరిగిన పెద్దాయన కబురు పంపాడు. మనింట్లో ఉన్నది తమ్ముడు ఓబులేసు ఒక్కడే. వాడికి పదమూడేళ్లు.

వాడికి భయం పుట్టాలని ప్రొద్దుటూరు తీసుకుపోయి ఒక పరదేశపు యుద్ధం సినిమా చూపించాను. అందులో బడిపిల్లలకు తుపాకులిచ్చి పోరుకు పంపుతారు. తుపాకి ఒక పిల్లవాడి కంటే పొడవుగా ఉంటే హాలంతా నవ్వింది. చివరికి వాడు తల్లిని పిలుస్తూ చచ్చిపోయాడు. భాష తెలియకపోయినా అందరికీ అర్థమైంది. నేను ఏడ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఓబులేసు, "వానికి గురి తెల్దు గదక్కా. నేనయితే అట్ల సస్తానా? నాయన కొడుకును" అన్నాడు.

తప్పు నాదే. అమ్మ మాట, నా మాట వాడు వినడు. "ఆడోళ్లు, మీకేం తెలుసు" అంటాడు. నువ్వు చెబితే వింటాడు. నన్ను చదివించావు కదా, వాడినీ చదువుకోమని, పెద్దాయన వెంట పోవద్దని వాడి పేరున ఒక కార్డు రాయించు. అది దసరా లోపల రావాలి. ఈ ఉత్తరం జైలు ఆఫీసులో కూడా చదువుతారు కాబట్టి, ఆ లోపలే ఎందుకు రావాలో రాయలేను. నీకు తెలుసు.

కొసకు ఇనుప పొన్ను వేసిన నీ చేతికట్టె వాడికి పొడవైందని పెద్దాయన నిన్న జానెడు కోయించాడు. ఇప్పుడది వాడి ఎత్తుకు సరిపోయింది.

నీ కూతురు