ఒకే ఇంట్లో రెండు పొట్టలు

అమ్మా,

"ఎలా ఉన్నావే?" అని అడిగావు. ఎలా ఉంటాను, పక్క గదిలోనే ఇంకో చూలాలు ఉంటే! నాకూ మా తోటికోడలికీ ఒకే నెల అని తెలిసినప్పటి నుంచి ఈ ఇంట్లో మనుషులు లేరు, రెండు పొట్టలున్నాయి. పొద్దున్నే అత్తగారు మమ్మల్ని కిటికీ దగ్గర పక్కపక్కన నిలబెడుతుంది. "దీనిది చూడు, గుమ్మడికాయ! నీది దోసకాయైనా కాలేదేమే?" అంటుంది. బిడ్డ బాగానే ఉందని డాక్టరమ్మ చెప్పిందంటే, "ఆవిడకేం తెలుసు, పెళ్ళైనా కాలేదు" అని కొట్టిపారేస్తుంది. మీ అల్లుడు మరీను. నేను రెండు ముద్దలు ఎక్కువ తింటే చాలు, తనే బిడ్డను కన్నంత సంబరం. నా దగ్గర బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా కొలతలివ్వడం మానేసి నన్నే కొలుస్తున్నారు. విసుగొచ్చేసిందమ్మా!

నీకు కాక ఎవరికి చెప్పను? నేనూ తక్కువ తినలేదు. తలుపు గడియపెట్టి టేపుతో నా పొట్ట కొలుచుకుంటున్నాను. అంతటితో ఊరుకున్నానా? వదులు గౌను కుట్టిపెడతానని వంక పెట్టి ఆ పిల్ల పొట్టనూ కొలిచాను. తేడా చూశాక అన్నం సయించలేదు. నిరుడు పోయిన నా బిడ్డే కళ్ళముందు మెదులుతోంది. దేవుడి ముందు నిలబడితే "దానికిచ్చినంత నాకూ ఇయ్యి" అన్న మాట తప్ప ఇంకోటి రావడం లేదు. అది దణ్ణమా, బేరమా? సిగ్గేసి దణ్ణం పెట్టడమే మానేశాను. మానేసి చాలా రోజులైంది. నువ్వు తిట్టినా సరే.

నీ చిన్నది

*

అమ్మా,

నువ్వు తిట్టలేదు. "అడగడానికేమీ తోచకపోతే ఊరికే కూర్చోవే, దేవుడికి తెలుసు" అని రాశావు. చదివి ఒళ్ళు మండింది. ఊరికే కూర్చోనిచ్చే ఇల్లా ఇది!

నిన్న మధ్యాహ్నం నా తోటికోడలికి ఉన్నట్టుండి నొప్పులు మొదలయ్యాయి. నెలలు నిండలేదు. ఆసుపత్రి దారిలో నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నాది బిడ్డ పెరగడం కాదు, ఉమ్మనీరు ఎక్కువైందట. అత్తయ్య అంత మురిసిపోతుంటే చెప్పలేకపోయాను. కుదురుగా ఉన్న నీ పొట్ట చూసి రోజూ ఏడ్చేదాన్ని" అంది. నా పొట్ట చూసి! నేను దాన్ని చూసి, అది నన్ను చూసి, ఒకే గోడకు అటూ ఇటూ ఏడ్చామన్నమాట. నవ్వాలో చెంపలు వాయించుకోవాలో తెలియలేదు.

దాన్ని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. నేను బయట బల్ల మీద కూలబడ్డాను. దానికంత, నాకింత అన్న మాటే రాలేదు. "నువ్వే చూసుకో స్వామీ, నావల్ల కాదు" అన్నాను. కసిరినట్టే అన్నాను. అయినా చాన్నాళ్ళకు గుండె కుదుటపడింది.

ఆడపిల్ల. బతికింది. అద్దాల పెట్టెలో పెట్టారు, ఇంకా గండం గడవలేదంటున్నారు. ఇంతలో అత్తగారు నా పొట్ట తడిమి, "నీదే నయమే తల్లీ!" అంది. ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇంకొక్కసారి పోల్చారంటే మీతో మాట్లాడను అత్తయ్యా!" అని వరండా అదిరేలా అరిచాను. ఆవిడ ఉన్నచోటే కూర్చుని ఏడ్చింది. "భయంతో అంటానే. ఏదో ఒకటి ఎక్కువగా కనబడితే కాస్త ధైర్యం" అంది. పక్కన కూర్చున్నాను.

నా బిడ్డ సంగతి నాకింకా తెలియదమ్మా. దేవుడికే వదిలేశాను. మధ్యమధ్య లాక్కుంటున్నాను, మళ్ళీ వదులుతున్నాను.

ఈ పొద్దున నర్సమ్మ బయటికి రాగానే అత్తగారు లేచి, "ఎంత బరువు..." అని మొదలుపెట్టి, నా వంక చూసి ఆగిపోయింది. గొంతు సవరించుకుని, "ఊపిరి తీస్తోందా అమ్మా?" అంది.

"తీస్తోందండి."

"చాలు" అంది ఆవిడ, కళ్ళు మూసుకుని.

నీ చిన్నది