లేబుల్ లేని లౌజు ఉండలు

జూలై 2, ఉదయం
అమలాపురం డాక్టరు గారు తేల్చేశారు. షుగర్ బోర్డర్‌లో ఉందట. నెల్లాళ్లలో తగ్గకపోతే ఇక రోజూ మాత్రలే! మా నాన్నగారు గుప్పెళ్లతో మింగడం చూశాను. నావల్ల కాదు. ఇవాళ్టి నుంచి ప్యాకెట్ వెనక లేబుల్ చదవందే ఏదీ ముట్టను.

సాయంత్రం
కళ్లు తెరుచుకున్నాయి! బిస్కెట్ ప్యాకెట్ మీద నూట ముప్ఫై కేలరీలు అని ఉంటే మొత్తానికి అనుకున్నాను. మూడు బిస్కెట్లకట! నేను టీతో ప్యాకెట్టంతా లాగించేవాణ్ని.

జూలై 5
బిస్కెట్లు బంద్. మిక్చర్ బంద్. కూల్‌డ్రింకు బంద్. (చిన్న సీసాలో రెండున్నర సర్వింగులట, అంటే రెండున్నర మందికి. ఆ అర ఎవరు తాగుతారు?) మా ఆవిడ ఉమాదేవికీ లేబుళ్లు చదవడం నేర్పిస్తున్నాను. "ఆయ్, ఆయ్" అని తలూపుతూ కొబ్బరి తురుముకుంటోంది.

జూలై 9
ఉమ కొబ్బరి లౌజు ఉండలు చేసింది. బెల్లం, యాలకులు... వాసన వీధిలోకి వచ్చేసింది. డబ్బా అన్నివైపులా తిప్పి చూశాను. లేబుల్ లేదు. చదవడానికే లేనప్పుడు నేనేం చేయను? మన చెట్టు కాయ, మన పొయ్యి. నాలుగు తిన్నాను. నియమం తప్పలేదు!

జూలై 16
జొన్నాడలో బావమరిది నాగసతీష్ గృహప్రవేశం. పూతరేకులు! రెండోసారి వస్తే విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టాను. "మొహమాటపడిపోకండి బావగారూ!" అంటూ వేళ్ల సందులోంచి జారవిడిచాడు. మా వైపు సర్వింగ్ సైజు తినేవాడి చేతిలో ఉండదు. వాటికీ లేబుల్ లేదు లెండి.

జూలై 24
ఉమ లౌజు ఉండలు ప్యాకెట్లు కట్టి అమ్ముతుందట. గల్ఫ్ వెళ్లేవాళ్లు అడుగుతున్నారట. లేబుల్ నేనే రాయాలట. నేనుగాక ఇంకెవరు! ఉండకి నూట ఇరవై కేలరీలని తేలింది. 'ఒక సర్వింగ్: నాలుగు ఉండలు' అని రాశాను.
"ఒక్కసారే నాలుగెవరు తింటారండీ?"
"నేను తింటున్నాగా!"
"అయితే పక్కన నాలుగింటి కేలరీలూ వేయాలి కదండీ. మీరే కదా నేర్పేరు?"
వేశాను. నాలుగు వందల ఎనభై! అదీ ఒక పూటకి. నేను రెండు పూటలా తింటున్నాను. కొట్టేసి 'ఒక ఉండ' అని రాశాను.

ఆగస్టు 2
షుగర్ పెరిగింది.
"ఏం తింటున్నారు?" అన్నారు డాక్టరు గారు.
"ప్యాకెట్లన్నీ మానేశానండీ!"
"లేబుల్ లేనివన్నీ తిన్నారండీ" అంది ఉమ.
ఆయన నవ్వి, ఇంకో నెల గడువిచ్చారు. ఇదే ఆఖరట.
బస్సులో ఉమ, "మావయ్యగారికి పూటపూటా మాత్రలు తీసిచ్చింది నేనేనండీ. మళ్లీ మీకూ తీసివ్వమనకండి" అంది. సిగ్గేసింది. భయం కూడా వేసింది.

ఆగస్టు 3
లేబుళ్లు అచ్చై వచ్చాయి. మొదటిది ఉమ మా ఇంటి డబ్బాకే అంటించింది. సరే, మళ్లీ మొదలు! ఇంట్లోదైనా, విస్తట్లోదైనా లెక్కే. రోజుకి ఒక్క ఉండ.
ఇవాళ్టిది తిన్నాను. అద్భుతం. రేపటిది కూడా ఇప్పుడే తినేశాను. రేపు సున్నా.
ఎల్లుండిది అడిగాను. ఉమ డబ్బా బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.
"ఎల్లుండి పొద్దున్నే తీస్తాలెండి" అంది.