హుసేనయ్య మూడో జవాబు

ఆత్మకూరు,
14-2-1954, ఆదివారం.

నా రాఘవమ్మకు,

నువ్వూ పసిదీ కులాసా అని తలుస్తాను. నేను కులాసాగా లేను. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. చదవగానే ఉత్తరం పొయ్యిలో పెట్టు.

సెలెక్షన్ పరీక్షలో x³ − 5x² + 6x అనే బహుపది ఏయే విలువలకు సున్నా అవుతుందో కనుక్కోమన్నాను. ప్రతి పదంలోనూ ఎక్స్ ఉంది గనుక దాన్ని కొట్టేసి మొదలుపెట్టాలని బోర్డు మీద నేర్పింది నేనే. అలా చేస్తే రెండు, మూడు వస్తాయి. క్లాసంతా అవే రాసింది. వెంగమ్మ కొడుకు హుసేనయ్య మాత్రం సున్నా, రెండు, మూడు అని రాశాడు. ఎర్రసిరాతో మొత్తం కొట్టేశాను. కాగితాలు ఇచ్చేటప్పుడు, "ఏంది హుసేనయ్యా, సున్నా కూడా ఒక జవాబేనా?" అని అందరి ముందూ నవ్వాను. లేచి నిలబడి, "ఎక్స్ బదులు సున్నా ఏసి చూసినాను సార్, సరిపోయినాది" అన్నాడు. కూర్చోమన్నాను. మూడు మార్కులు తక్కువై లెక్కల్లో తప్పాడు. పబ్లిక్ పరీక్షకు పంపే జాబితాలో అతని పేరు లేదు. మర్నాడే గొర్రెలు తోలుకుని మీ ఉదయగిరి కొండ కిందికి వెళ్లిపోయాడట.

ఈ పొద్దున, రేపటి పాఠానికని అదే లెక్కను గళ్ల కాగితం మీద గీశాను. గీత అడ్డగీతను మూడు చోట్ల దాటింది. అందులో ఒకటి సరిగ్గా సున్నా దగ్గర. ఎక్స్‌ను కొట్టేసినప్పుడల్లా ఒక జవాబును నేనే పారేస్తున్నాను రాఘవా. హుసేనయ్యే ఒప్పు.

జాబితా శుక్రవారం నెల్లూరు వెళ్తుంది. ఈలోగా చెబితే అతని పేరు చేరుతుంది. కానీ హెడ్మాస్టరు నారాయణయ్యగారు నేను చేరిన రోజే అన్నారు: "ట్రైనింగు లేనోడివి, నీ మీద ఒక్క మాట వచ్చినా ఇంటికి పంపిస్తా." ఉద్యోగం పోతే పసిదాన్ని ఏం పెట్టి పెంచుతాం? గేటు దగ్గర ఆయన గొంతు వింటేనే పక్కకు తప్పుకునే మనిషిని. నోరు మూసుకుందామనే అనుకున్నాను. నన్ను తిట్టుకోకు.

నీ
జనార్దనయ్య

ఉదయగిరి,
17-2-1954, బుధవారం.

మన పసిదాని నాయనకు,

ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. పొయ్యి దాకా వెళ్లాను గానీ చెయ్యి రాలేదు. పిల్లను అమ్మకిచ్చి, కొండ కిందికి వెళ్లి, హుసేనయ్యను వెతికి పట్టుకుని చదివించాను. కోపం వస్తే రానివ్వండి.

చదివి, "సార్‌కు ఉద్యోగం పోతాదా అమ్మా?" అన్నాడు. పోవచ్చన్నాను. "అయితే నాకొద్దులే. మా నాయనా గొర్రెలే కాసినాడు గదా" అని ఉత్తరం నా చేతిలో పెట్టేశాడు. అప్పుడు నాకు మీకంటే ఎక్కువ భయమేసింది. అతనూ ఊరుకుంటాడు, మీరూ ఊరుకుంటారు. రేపు మన పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మీరు లెక్కలు చెబుతుంటే నేను ఎట్లా వినేది? "నువ్వు పోకుంటే నేనే పసిబిడ్డనెత్తుకుని బస్సెక్కతా" అన్నాను. దాంతో కదిలాడు.

ఇది పోస్టులో వేస్తే శుక్రవారానికి అందదు. తెచ్చింది హుసేనయ్యే. ఇప్పుడు మీ ఎదురుగానే నిలబడి ఉంటాడు. మీ ఉత్తరం అతని జేబులో ఉంది. మీ చేతికే ఇస్తానని, ఇంకెవరికీ చూపనని ఒట్టేశాడు. అది చించేసినా అతను ఏమీ అనడు.

నాకూ భయంగానే ఉంది. అయినా ఈసారి అతన్ని కూర్చోమనకండి. వెంటబెట్టుకుని హెడ్మాస్టరుగారి గదికి నడవండి.

మీ
రాఘవమ్మ